రంగు కింద రంగు

శనివారం తొమ్మిదింటికి షెడ్డు తాళం తీస్తాం.
మైనస్ పద్దెనిమిది.
తాళంచెవికి మా మాట వినబడదు.
ఉర్హో దాన్ని లైటరు మంట మీద పట్టుకుని
కాసేపు బతిమాలుతాడు.

లోపల మా విమానం.
విమానం అనడం మర్యాద కొద్దీ.
ఒక రెక్క, సగం నడుము. తోక లేదు.
ఇంజను సరస్సు బురదలోనే ఉందో
ఎవరి కొట్టంలో దిమ్మెగా పడుందో.
హెల్సింకి నుంచి ఇద్దరు వచ్చి చూసి
పెదవి విరిచి, మర్యాదగా కాఫీ తాగి వెళ్ళారు.

బస్సులు బాగుచేసి రిటైరైన ఉర్హో,
లెక్కల మాస్టారు ఏవెర్ట్,
ఫోను వదలని ఆయన మనవడు,
పళ్ళ డాక్టరు తైమి,
కాగితాలు రాసే నేను.

తైమి పంటిగార తీసే కొక్కెంతో
రెక్క మీద రంగు గీకుతుంది,
గోరంత చోటు, పూటంతా.

పైన పచ్చ.
అడవిలో అడవిలా కనపడాలని
ఎవరో కంగారుగా, చీపురుతో అలికినట్టు పూసిన పచ్చ.
దాని కింద తెలుపు, తెలుపులో ఎర్రటి అంచు.
"క్రాసు" అంది తైమి. "గాయపడ్డవాళ్ళని మోసింది."
మరో రెండు శనివారాలకి
తెలుపు కింద నీలం,
నీలం మీద పసుపు అక్షరాల చివర్లు:
పోస్టు.

ఆ రోజు ఫ్లాస్కు మూత ఎవరం తియ్యలేదు.

చలికాలం స్కీల మీద, వేసవిలో పడవకాళ్ళ మీద
దీవుల్లో టీచర్లకి జీతాలు తెచ్చేదట,
మంత్రసానిని తెచ్చేదట,
ఒకసారి బుట్టలో రెండు పందిపిల్లల్ని.
పొలంలో గుర్రాన్ని తోలుకుపోయినట్టే
సైన్యం దాన్నీ తోలుకుపోయింది,
యజమాని చేతిలో ఒక చీటీ పెట్టి.
చీటీ నా దగ్గరుంది. నంబరు వేశాను.

కూలాక ముస్తనియెమి ఊరు దాన్ని పంచుకుంది.
ఆకలి రోజులు,
అల్యూమినియం వదులుకుంటారా ఎవరైనా?
చుక్కాని కోళ్ళగూటికి తలుపయింది.
పెట్రోలు ట్యాంకు సౌనాలో నీళ్ళతొట్టి.
పైలట్ ముందరి అద్దం
క్యాబేజీ నారు మీద మూత.
ఇల్లిల్లూ తిరిగి అడిగాం. ఇచ్చారు,
కొందరైతే కడిగి, తుడిచి మరీ.

హెల్వి ఇవ్వలేదు.
తొంభై ఒకటి. మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టింది.
నెరిసిన ముడిలో దువ్వెన, రెక్క ముక్క.
"నాన్న చేశాడు, అమ్మకి.
ఒంటిచేత్తో. మోకాళ్ళ మధ్య బిగించుకుని, ఆకురాయితో.
ఆ రెండో చేతిని తీసెయ్యడానికి
ఆసుపత్రికి ఎక్కించుకెళ్ళింది ఆ విమానమే.
మరుసటి మార్చిలో అది మంచు పగిలి మునిగితే
కుర్ర పైలట్‌ని పైకి లాగిన తాడు మీద
ఉన్న ఒక్క చెయ్యీ వేశాడు."
తైమి అలవాటుగా పళ్ళు లెక్కపెట్టింది:
ఇరవై మూడు, ఒకటి విరిగింది.
"మీ మ్యూజియంలో దీనికి తల ఎవరిస్తారు?"
అనేసి హెల్వి తలుపేసుకుంది.

ఆ రాత్రి రిజిస్టరులో రాశాను:
నంబరు 212. ఎడమ రెక్క, పైరేకు. దువ్వెన.
ఉన్న చోటు: గది, అర, పెట్టె,
మూడే గళ్ళు.
అంచున చిన్నగా రాశాను:
హెల్వి తల మీద. వాడుకలో ఉంది.

ఇప్పుడు గొడవంతా ఏ రంగు వెయ్యాలని.
ఏవెర్ట్‌కి పచ్చే చరిత్ర.
తైమికి నీలం కావాలి.
మనవడు ఫోను లోంచి తలెత్తి
"అసలెందుకు వెయ్యాలి?" అన్నాడు.
ఇద్దరూ కలిసి వాడి మీద పడ్డారు.
ఇంకా తేలలేదు.

మేలో, సరస్సు కరిగిన వారానికి,
టాక్సీలో హెల్వి వచ్చింది.
రెక్క వెంట నడిచి
కత్తిరించిన చోటు వెతికి పట్టుకుంది.
ముడి విప్పి, దువ్వెన తీసి
ఆ ఖాళీలో పెట్టి చూసింది.
సరిపోలేదు.
పళ్ళ మధ్య నాన్న అరగదీసిందంతా
ఎప్పుడో పొడై పోయిందిగా.

దువ్వెన మళ్ళీ జుట్టులో గుచ్చుకుని
"కాఫీ ఉందా" అనడిగింది.